లైట్ వెలిగితే పార్ట్ మార్చుడేనా?



ఈసారి వడ్ల రేటు గురించి కాదు, యూరియా లైన్ల గురించి కాదు. బండి డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగుల ఇంజిన్ బొమ్మ ఒకటి వెలుగుతది చూడండి, దాని గురించి రాస్తున్న. జర పొడుగు పోస్ట్. తీరిక ఉన్నప్పుడే చదవండి, కాని చదవండి. ఎందుకంటే మన బాన్సువాడ చుట్టుపక్కల ఊర్లల్ల తిరిగే పెద్ద బండ్లు చాలావరకు సెకండ్ హ్యాండ్‌ల కొన్నవే. బొలెరో, స్కార్పియో, సుమో, టవేరా, జైలో. పదేండ్లు దాటినవే ఎక్కువ. వాటిల్ల ఎన్నిటికి ఆ లైట్ వెలిగే ఉన్నదో మీకే ఎరుక.

చెప్పదలచుకున్నది ముందే చెప్తున్న. స్కానర్ పెడితే వచ్చే కోడ్ పార్ట్ పేరు కాదు. ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తు మాత్రమే. పరీక్ష చేసి చూపించకుండ పార్ట్ మార్చే మెకానిక్‌ది తప్పు. పార్ట్‌కు వేలు పోసి, పరీక్షకు మాత్రం పైసా ఇయ్యని మనది అంతకంటే పెద్ద తప్పు. కోపమొస్తే రానియ్యండి. నా కథ చెప్పినంక మాట్లాడుకుందాం.

నాది 2014 మోడల్ డీజిల్ బండి. ఏ కంపెనీదో రాయను, ఎందుకంటే ఇది కంపెనీ తప్పు కాదు. వానాకాలం కోతలు అయిపోయి వడ్లు కల్లంల ఉన్నప్పుడు మొదటిసారి లైట్ వెలిగింది. బండి బలం తగ్గింది, ఎంత తొక్కినా ఎత్తుకోదు. ఆపి మళ్ల స్టార్ట్ చేస్తే కొద్దిసేపు మంచిగనే పోతది. మెకానిక్ దగ్గరికి తీసుకపోయిన. స్కానర్ పెట్టిండు. రెండు కోడ్లు వచ్చినయి: పి0193, పి0238. మొదటిది డీజిల్ రైల్ ప్రెషర్ సెన్సార్‌ది, రెండోది టర్బో గాలి ఒత్తిడి చూసే సెన్సార్‌ది.

"రైల్ సెన్సార్ పోయిందన్నా" అన్నడు. 6,800 రూపాయలు. వేయించిన. నాలుగు రోజులు బాగున్నది. అయిదో రోజు మళ్ల వెలిగింది. "అయితే ఇంకోటి కూడ పోయినట్టుంది" అన్నడు. 2,900. అదీ వేయించిన. రెండిటి మజూరీ 1,500. వారం తర్వాత మళ్ల అదే లైట్, అవే కోడ్లు. ఇగ అప్పటి నుంచి వెలిగినప్పుడల్లా పోవుడు, 300 ఇచ్చి క్లియర్ కొట్టించుకునుడు. నాలుగు సార్లు, 1,200. అన్నీ కలిపితే 12,400 రూపాయలు. చివరికి ఇంకో దగ్గర చూపిస్తే "బండి కంప్యూటరే పోయింది, 48 వేలైతది" అన్నరు.

నాకున్న భూమికి యాసంగిల మిగిలేదెంతో మీకు చెప్పాల్సిన పని లేదు. 48 వేలంటే నాకు బండి అమ్ముకునుడే.

ఇంతల్నే ఒక రాత్రి మా అమ్మకు ఆయాసం ఎక్కువైంది. నిజామాబాద్ తీసుకపోతున్న. వర్ని దాటినంక లైట్ వెలిగింది. బండి 40 దాటుత లేదు. వెనుక సీట్ల అమ్మ ఊపిరి చప్పుడు నాకు ఇనబడుతున్నది. రోడ్డు పక్కకు ఆపి, బంద్ చేసి, మళ్ల స్టార్ట్ చేసి, ఇట్ల మూడుసార్లు చేసుకుంట పోయిన. దేవుని దయ, టైముకు చేరినం, అమ్మ ఇప్పుడు బాగున్నది. కాని ఆ రాత్రి నాకు ఒకటి అర్థమైంది. కొత్త సెన్సార్లు రెండు వేయించుకున్న బండిల, 12 వేలు పెట్టిన బండిల, నేను మా అమ్మను నమ్మకం లేకుండ తీసుకపోతున్న.

తెల్లారి అక్కడనే ఒక ముసలాయన గురించి చెప్పిన్రు. బండ్ల కరెంట్ పని చేస్తడు, అందరు చాచా అంటరు. పోయిన. స్కానర్ చేతులకు తీసుకోకముందే రెండు ప్రశ్నలడిగిండు.

"పటేల్, రాత్రి బండి ఏడ నిలబెడ్తవ్?"

"షెడ్డుల చాచా. వడ్ల సంచులు గూడ ఆడనే ఉంటయి."

"లైట్ ఎప్పుడొస్తది? సాఫ్ రోడ్డు మీదనా, గుంతలల్లనా?"

అప్పటిదాక ఈ మాట నన్ను ఎవరు అడగలేదు. నేను గూడ ఆలోచించలేదు. గుంతలల్లనే ఎక్కువ వస్తది.

చాచా బానెట్ లేపి, రైల్ సెన్సార్ కప్లర్ ఊడదీసిండు. తాళం ఆన్‌ల పెట్టుమన్నడు, ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దన్నడు. మల్టీమీటర్ తీసిండు. ఆ సెన్సార్‌కు మూడు వైర్లు ఉంటయి. ఒకటి కంప్యూటర్ పంపే 5 వోల్టుల కరెంట్, ఒకటి ఎర్త్, ఒకటి సెన్సార్ తిరిగి సమాచారం పంపేది. మీటర్ ఎర్ర సూది 5 వోల్టుల వైరుకు, నల్ల సూది కప్లర్‌ల ఉన్న ఎర్త్ వైరుకు పెట్టిండు. 5 రావాలి. రాలేదు. ఒకసారి వస్తున్నది, వైరింగ్ కదిలిస్తే పడిపోతున్నది. నల్ల సూది తీసి నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టిండు. ఇప్పుడు 5 నిలబడ్డది, ఎంత కదిలించినా కదలలేదు.

"చూసినవా? కంప్యూటర్ కరెంట్ పంపుతున్నది. ఎర్త్ తెగింది" అన్నడు.

వైర్ల మీది ప్లాస్టిక్ గొట్టం చీరి చూస్తే, ఎలుక కొరికిన వైరు. లోపల రాగి పచ్చగ చిలుమెక్కి, రెండు పోగుల మీద ఏలాడుతున్నది. బండి నిలబడ్డప్పుడు అంటుకుంటది, గుంతల పడితే ఊడుతది. ఎర్త్ ఊడితే సెన్సార్ చెప్పే వోల్టేజీ పైకి ఎగబాకుతది. కంప్యూటర్ దాన్ని "హై" అని రాసుకుంటది. నా బండిల ఆ రెండు సెన్సార్లకు ఉమ్మడిగ ఉన్న ఎర్త్ అది. అందుకే రెండు కోడ్లు జంటగ వచ్చినయి.

పొలంల ఎలుక బొక్కలు ఎతికి మందు పెట్టే నేను, షెడ్డుల ఎలుకను మరిచిపోయిన.

టాకా పెట్టి, స్లీవ్ తొడిగి, కొత్త గొట్టం వేసిండు. గంటన్నర పని. 600 అడిగిండు. నేనేం చేసిననో నిజం రాస్తున్న. "చిన్న వైరు అతికినందుకు 600 ఆ చాచా?" అని బేరం పెట్టిన. 500 ఇచ్చిన. ఆయన తీసుకున్నడు. పార్టులకు 9,700 నోరు మెదపకుండ ఇచ్చినోన్ని, నా సమస్య నిజంగ తీర్చిన మనిషి దగ్గర వంద తగ్గించుకున్న. వర్ని దాటేసరికే సిగ్గనిపించింది. పది రోజులకు మళ్ల పోయినప్పుడు ఆ వంద ఇచ్చి వచ్చిన.

ఇగ అసలు మాట.

మన బోరు మోటర్ నడుస్తలేదు అనుకోండి. ఏం చేస్తం? మోటర్ పైకి గుంజి కొత్తది దించుతమా? ముందు స్టార్టర్ చూస్తం, ఫ్యూజు చూస్తం, మూడు ఫేజులు వస్తున్నయా చూస్తం. పక్కన ఆయన బోరు గూడ బందైందా అని అడుగుతం. ఇద్దరిదీ ఒక్కసారే బందైతే ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పోతం, రెండు మోటర్లు మార్చం. బడికి పోని రైతుకు గూడ ఈ తెలివి ఉన్నది. మరి బండి దగ్గరికి వచ్చేసరికి రెండు సెన్సార్ల కోడ్లు ఒక్కసారే వస్తే రెండు సెన్సార్లు ఎందుకు మార్పించుకుంటున్నం? తెర మీద ఇంగ్లీషుల పేరు కనబడంగనే మన తెలివి ఏడ పోతున్నది?

పి0193 అంటే పుస్తకంల ఏమున్నదో తెలుసా? "రైల్ ప్రెషర్ సెన్సార్ సర్క్యూట్ హై". సెన్సార్ పోయింది అని లేదు. సర్క్యూట్ అన్నడు. సర్క్యూట్ అంటే సెన్సార్, దాని కప్లర్, మూడు వైర్లు, అవతలి కొసకు కంప్యూటర్. అనుమానం ఇంతమంది మీద ఉంటే, పేరు ముందట ఉన్నోన్నే పట్టుకపోయి జైల్ల పెట్టినట్టు అయితున్నది కథ.

ఇది ఒక్క నా కోడ్ ముచ్చట కాదు. పి0299 వచ్చిందనుకోండి. టర్బో ఇయ్యాల్సినంత గాలి ఇస్తలేదు అని అర్థం. వెంటనే "టర్బో పోయింది" అంటరు. ఇంటర్‌కూలర్ రబ్బరు పైపు చీరినా అదే కోడ్ వస్తది, క్లిప్పు లూజైనా అదే, టర్బోను నడిపించే సన్నటి వాక్యూమ్ పైపు పగిలినా అదే. పి0087 వస్తే రైల్‌ల డీజిల్ ఒత్తిడి తక్కువ అని. పంపు మీదికి పోతరు, ఇంజెక్టర్ల మీదికి పోతరు. ముందు డీజిల్ ఫిల్టర్ చూడాలి. మనం డబ్బాలల్ల తెచ్చి, బట్ట అడ్డం పెట్టి పోసే డీజిల్‌తోని ఫిల్టర్ ఎట్లుంటదో మనకు తెల్వదా? పి0401 అంటే ఈజీఆర్‌ల పొగ సరిగ పోతలేదు అని. మసి పట్టిన వాల్వు కడిగితే సరిపోయేది చాలాసార్లు, కొత్త వాల్వు అమ్ముతరు. పెట్రోల్ బండ్లల్ల పి0420 వస్తే సైలెన్సర్ లైన్‌ల ఉండే కన్వర్టర్ మార్చుమంటరు, అది బాగ ఖరీదు. దానికి ముందు పొగ గొట్టం ఏడనన్న లీకున్నదా, ప్లగ్గు సరిగ కొడుతున్నదా అని చూసినోడు తక్కువ.

ఒక్కోసారి సెన్సార్ నిజంగనే పోతది. టర్బో నిజంగనే పోతది. కాదంటలేను. పోయిందని పరీక్షల తేలాలి అంటున్న. అంతే.

ఇంకో రోగం క్లియర్ కొట్టుడు. లైట్ ఆరిపోయిందని సంతోషంగ ఇంటికొస్తం. కోడ్ పడ్డప్పుడు బండి కంప్యూటర్ ఆ నిమిషం సంగతులు గూడ రాసిపెట్టుకుంటది. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతున్నది, ఎంత వేడి ఉన్నది, ఎంత స్పీడ్‌ల ఉన్నది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటరు. క్లియర్ కొడితే అది గూడ తుడుచుకపోతది. చాలా బండ్లల్ల బ్యాటరీ టెర్మినల్ ఊడదీసినా అంతే. దొంగతనం జరిగిన ఇంట్ల పోలీసులు రాకముందే అలికి ముగ్గేసినట్టు. నేను నాలుగుసార్లు 300 చొప్పున ఇచ్చి నా సాక్ష్యాన్ని నేనే తుడిపించుకున్న.

కొందరు ఇంకా ముందుకు పోయి లైట్ మీద నల్ల టేపు అతికిస్తరు, బల్బే పీకేస్తరు. "లైట్ ఉంటే ఉండనీ, బండి నడుస్తున్నది కదా" అంటరు. ఈ మాటకు జవాబు చెప్తున్న. లైట్ ఒక్కటే. ఒక చిన్న తప్పుకు వెలిగి ఉంటే, రేపు పెద్ద తప్పు వచ్చినా అదే లైట్, అదే వెలుగు. నీకు తెల్వది. అది ఆరి ఉంటేనే, వెలిగినప్పుడు విలువ. పెట్రోల్ బండిల ఆ లైట్ కొట్టుకుంటున్నది, అంటే ఆగి ఆగి వెలుగుతున్నది అంటే, లోపల మండాల్సిన పెట్రోల్ మండకుండ బయటికి పోయి కన్వర్టర్‌ను కాల్చేస్తున్నదని, స్పీడ్ తగ్గించి తొందరగ చూపించుకొమ్మని. ఇగ ఎర్రగ వెలిగే నూనె దీపం సంగతి వేరే. అది వెలిగితే అక్కడనే ఆపాలి, ఇంటిదాక పోదాం అనొద్దు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటోళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. తాళం తిప్పంగనే ఆ పసుపు లైట్ వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ అయినంక ఆరాలి. తాళం తిప్పినప్పుడు అసలే వెలగలేదంటే బల్బు పీకిన్రన్నట్టే అనుకోండి. అమ్మే ముందు కోడ్లు క్లియర్ కొట్టి చూపించేటోళ్లు గూడ ఉంటరు. స్కానర్‌ల "రెడీనెస్" అని ఒక పేజీ ఉంటది. బండి తన పరీక్షలు తాను పూర్తి చేసుకున్నదా లేదా చెప్తది. అన్నీ పూర్తి కాలేదని చూపిస్తే, ఈ మధ్యనే తుడిచిన్రని అనుమానపడాలి.

ఇప్పుడు మెకానిక్‌ల దిక్కు నుంచి గూడ మాట్లాడాలె, లేకుంటే న్యాయం కాదు.

మన ఊర్ల షెడ్డు పెట్టుకున్న తమ్ముడు డీజిల్ పంపు చప్పుడు ఇని రోగం చెప్పే గురువు దగ్గర పని నేర్చుకున్నడు. ఆయన చేతుల నైపుణ్యం తక్కువది కాదు. కాని ఈ లైట్ అక్కడ పుట్టింది కాదు. అమెరికాల లాస్ ఏంజిలెస్ పొగమంచుతోని సతమతమైన కాలిఫోర్నియాల మొదలైంది, పొగ ఎక్కువైతే బండి తనంతట తానే చెప్పాలని. 1996 నుంచి అమెరికాల అన్ని కొత్త కార్లకు ఒక్క తీరు సాకెట్, ఒక్క తీరు కోడ్లు పెట్టాలన్నరు. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ అదే. మన దేశంల భారత్ స్టేజ్-4తోని 2010ల మొదటి రకం వచ్చింది, 2013 ఏప్రిల్ నుంచి రెండో రకం. అందుకే అంతకు ముందటి బండ్లల్ల చాలావాటికి చిన్న బ్లూటూత్ స్కానర్ పెడితే మాట్లాడవు, కంపెనీ పరికరమే కావాలి. రెండో రకం వచ్చినంక గూడ అన్నీ బయట పడవు. పి0తోని మొదలయ్యేవి అందరికీ ఒక్కటే. పి1తోని మొదలయ్యేవి ఏ కంపెనీ కోడ్లు ఆ కంపెనీవే. వాటి అర్థం, ఏ వైరు ఎటు పోతదో చూపే బొమ్మ, పరీక్ష ఎట్ల చేయాలో రాసిన పుస్తకం, ఇవన్నీ కంపెనీ దగ్గర ఉంటయి. తమ్ముని దగ్గర ఉండేది కోడ్ పేరు చూపే స్కానర్ మాత్రమే. వైరింగ్ బొమ్మ లేనోడు అంచనాకు పార్ట్ మార్చక ఏం చేస్తడు?

ఇది నా ఒక్కని బాధ అనుకోకండి. 2011ల ఒక కారు యజమాని ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా విచారణ చేసింది. 2014 ఆగస్టు 25న తీర్పు ఇచ్చింది. స్పేర్ పార్టులు, కోడ్లు చదివే పరికరాలు, రిపేర్ పుస్తకాలు బయటి మెకానిక్‌లకు అందనిస్తలేరని 14 కార్ల కంపెనీలకు 2,544.65 కోట్ల జరిమానా వేసింది. అవి బయట మార్కెట్ల దొరికేటట్టు చేయాలని చెప్పింది. కంపెనీలు కోర్టులకు, అప్పీళ్లకు పోయినయి. 2022 డిసెంబర్‌ల కేంద్ర వినియోగదారుల శాఖ రిపేర్ హక్కు పేరుతోని ఒక పోర్టల్ గూడ పెట్టింది. అందుల బండ్లు ఉన్నయి, వ్యవసాయ యంత్రాలు గూడ ఉన్నయి. మంచిదే. కాని పోర్టల్‌ల పేరు ఉంటే సరిపోదు. నా బండి వైరింగ్ బొమ్మ మా ఊరి మెకానిక్ ఫోన్‌ల తెరుచుకోవాలి. అది తెరుచుకున్ననాడు హక్కు వచ్చినట్టు.

"నాకు కారు లేదు, జీపు లేదు, నాకెందుకు ఈ లొల్లి" అనే రైతన్నలకు ఒక మాట. ఈ లైట్ ట్రాక్టర్ల మీదికి వచ్చింది. 50 హార్స్ పవర్ పైన ఉండే ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 నిబంధన పెట్టిన్రు. దానికి తగ్గట్టు కంప్యూటర్ తోని నడిచే డీజిల్ సిస్టం వచ్చింది. అంటే సెన్సార్లు, కోడ్లు, కప్లర్లు. బండి ఆగితే ఇంకో బండి కిరాయికి దొరుకుతది. నాట్లప్పుడు దమ్ము చేసే ట్రాక్టర్ బురదల కోడ్ పడి బలం ఇడిస్తే, ఎవనికోసం ఎదురు చూస్తవ్? అరవై కిలోమీటర్ల అవతలి నుంచి ల్యాప్‌టాప్ పట్టుకొని మనిషి వచ్చేదాక నారు ఆగుతదా, కాలువ నీళ్లు ఆగుతయా? అమెరికా రైతులు ఈ బాధ మనకంటే ముందే పడ్డరు, కొట్లాడిన్రు. కార్లకు మసాచుసెట్స్ రాష్ట్రంల 2012లనే జనం ఓట్లేసి రిపేర్ చట్టం తెచ్చుకున్నరు. ట్రాక్టర్ల మీద 2023 జనవరిల జాన్ డీర్ కంపెనీ అక్కడి ఫార్మ్ బ్యూరో సంఘంతోని ఒప్పందం రాసుకున్నది. అడిగితేనే వచ్చింది, అడగకుంటే రాలేదు.

ఇంకొక ముఖ్యమైన మాట, ఇది ప్రాణం ముచ్చట. పాత ట్రాక్టర్ అలవాటుతోని కొందరు ఇంజిన్ నడుస్తుండంగనే ఇంజెక్టర్ పైపు నట్టు లూజు చేసి డీజిల్ వస్తున్నదా చూస్తరు. కామన్ రైల్ బండ్లల్ల అట్ల చేయొద్దు. టైర్ల గాలి రెండు బార్ల పై చిల్లర. రైల్‌ల డీజిల్ బండి స్లోల ఉన్నప్పుడే రెండు మూడు వందల బార్లు, లోడ్ పడితే 1,600 దాక పోయే బండ్లు ఉన్నయి. సన్నటి ధార చర్మంలకు సూదిలెక్క దిగుతది. లీకు ఉన్నదా అని చెయ్యి పెట్టి చూడొద్దు. డీజిల్ చర్మంల దిగిందంటే నొప్పి లేకున్నా వెంటనే దవాఖానకు పోవాలి.

మరి ఏం చేద్దాం? నేను నాకోసం పెట్టుకున్న పద్ధతి చెప్తున్న.

ఒకటి. లైట్ వెలగంగనే కోడ్లు చదివించి, ఫ్రీజ్ ఫ్రేమ్ పేజీతో సహా ఫోన్‌ల ఫోటో తీసుకుంట. ఫోటో తీయకముందు ఎవరినీ క్లియర్ కొట్టనియ్య.

రెండు. ఎప్పుడు వెలిగింది, చల్లగున్నప్పుడా వేడెక్కినంకనా, గుంతలల్లనా ఎక్కుడులనా, వాన పడ్డ తెల్లారా, డీజిల్ పోసినంకనా, ఇవి రాసి పెట్టుకుంట. మెకానిక్ అడగకున్నా నేనే చెప్త.

మూడు. ముందు ఖర్చు లేనివి చూపిస్త. బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ పట్టీ, కప్లర్లు, ఎలుక కొరికిన వైర్లు, చీరిన పైపులు, ఫిల్టర్లు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద సుమారు పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర వోల్టులు రావాలి. అది సరిగ లేకుంటే లేని రోగాల కోడ్లు గూడ పడుతయి.

నాలుగు. పార్ట్ మార్చే ముందు ఒక్కటే మాట అడుగుత: "తమ్ముడూ, ఇది పోయిందని ఎట్ల తెలిసింది? నాకు చూపెట్టు." కోడ్ చూపెడితే ఒప్పుకోను. మీటర్ రీడింగ్ చూపెట్టాలి, లీకు చూపెట్టాలి, ఒత్తిడి చూపెట్టాలి. పార్ట్ మార్చినంక పాత పార్ట్ ఇంటికి తెచ్చుకుంట. నా పాత సెన్సార్లు రెండు నేను అడగలేదు. అవి ఏ బండిల ఉన్నయో, ఎవరికి కొత్తవని పోయినయో.

అయిదు. ఇదే అన్నిటికంటే పెద్దది. పరీక్షకు పైసలు ఇస్త. పార్ట్ మార్చకున్నా ఇస్త. "చూసినందుకు పైసలేంది" అనే మాట నా నోట్ల నుంచి ఇగ రాదు.

ఎందుకంటే ఆలోచించండి. మెకానిక్ రెండు గంటలు కష్టపడి తెగిన వైరు పట్టుకుంటే మనం 200 ఇస్తం, అది గూడ గునుసుకుంట. అదే పది నిమిషాలల్ల సెన్సార్ మారిస్తే వేలు ఇస్తం. మరి వాడు ఏ పని నేర్చుకుంటడు? వెతికే పని నేర్చుకుంటడా, మార్చే పని నేర్చుకుంటడా? వానికి భార్యాపిల్లలు లేరా? పార్ట్ మార్చుడే బతుకు అని వానికి నేర్పింది మనమే. మన దగ్గర బేరం పెడితే మనకు మంట. మన వడ్లకు తరుగు తీస్తే మనకు మంట. మరి ఆయన తెలివికి తరుగు తీసేది మనమే కదా.

మెకానిక్ తమ్ముళ్లకు గూడ చేతులు జోడించి చెప్తున్న. షెడ్డు ముందట ఒక బోర్డు పెట్టండి: పరీక్షకు ఇంత, పని మజూరీ ఇంత, పార్ట్ వేరే. బిల్లుల పరీక్ష అని వేరే గీత రాయండి. మొదట్ల నలుగురు లేచిపోతరు. పోనియ్యండి. మూడుచోట్ల డబ్బులు పోగొట్టుకొని మీ దగ్గరికే వస్తరు, నా తీరు. ఐటీఐల్ల మోటర్ వెహికల్ మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు మల్టీమీటర్ చేతికిచ్చి, వైరు తెంపిన బండి ముందట నిలబెట్టి, "ఏది తెగిందో పట్టుకో" అని నేర్పాలి. స్కానర్ బటన్ నొక్కుడు ఎవరైనా ఒక్క పూటల నేర్చుకుంటరు.

నా బండి ఆ వైరు అతికిన తర్వాత ఇప్పటిదాక ఆ లైట్ మళ్ల చూపించలేదు. వడ్ల సంచులు షెడ్డులనే ఉన్నయి, బండి మాత్రం ఇప్పుడు వాకిట్ల నిలబెడుతున్న. అమ్మను మొన్న మళ్ల నిజామాబాద్ చూపించుకచ్చిన. పోయేటప్పుడు వర్ని దాటినంక గుంతలల్ల పడ్డప్పుడల్లా నా కండ్లు డ్యాష్‌బోర్డు మీదికే పోయినయి. అమ్మ అడిగింది, ఏం చూస్తున్నవ్ బిడ్డా అని. ఏం లేదమ్మా, ఏం వెలుగుత లేదు అన్న.

మీ బండ్ల లైట్ వెలిగి ఉంటే, పార్ట్ కొనే ముందు ఒక్కసారి ఆ మాట అడగండి. పోయిందని ఎట్ల తెలిసింది, నాకు చూపెట్టు అని. చూపెట్టినోనికి మాత్రం చెయ్యి వెనకకు తీయకుండ పైసలు ఇయ్యండి.

జై కిసాన్.